నాన్నగారికి ఏ మెషిన్ కొనాలి? ముందు ఎకో రిపోర్టు చూడండి

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది భీమవరం. మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఈ మధ్య తీయించిన ఎకోలో ఈఎఫ్ 32 శాతం అని ఉంది. పగలు పేపరు చదువుతూ చదువుతూనే నిద్రలోకి జారిపోతున్నారు. రాత్రిపూట ఊపిరి ఆగిపోతోందని అమ్మ పక్కనే కూర్చుని లెక్కపెడుతోంది, భయమేసి తట్టి లేపుతోంది. హైదరాబాద్‌లో స్లీప్ స్టడీ చేయించాం. గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందనీ, అందులో 30 సెంట్రల్ రకమనీ రాశారు. ఇంకో రాత్రి సీపాప్ (మాస్క్‌తో గాలి పంపే మెషిన్) పెట్టి చూస్తే ఆ 41 కాస్తా 19కి దిగింది. "ప్రస్తుతానికి సీపాప్ వాడండి, నెల తర్వాత చూద్దాం, గుండె డాక్టర్‌ని కూడా ఒకసారి కలవండి" అన్నారు డాక్టర్‌గారు. మెషిన్లు అమ్మే అతను మాత్రం బైపాప్ తీసుకోండి, దాని పవర్ ఎక్కువ అంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడేమో తన కొలీగ్‌కి ఏఎస్‌వీ మెషిన్‌తో పూర్తిగా తగ్గిపోయిందట, సంక్రాంతికి వచ్చేవాళ్లతో అదే పంపిస్తానంటున్నాడు. డబ్బు గురించి ఆలోచించొద్దంటున్నాడు. నాన్న వాడే మందుల లిస్టు కూడా పంపుతున్నాను. ఈ మూడింట్లో ఏది మంచిది? అన్నిటికంటే పెద్ద మెషిన్ కొంటే ఒక్కసారితో అయిపోతుంది కదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మెషిన్ల పేర్లలో లేదు. "ఈఎఫ్ 32 శాతం" అని రాశారు చూడండి, అదీ అసలు మాట. ఈఎఫ్ అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతోందో చెప్పే కొలత, 32 అంటే గుండె బలహీనంగా ఉన్నట్టు. తమ్ముడికి ఈ రాత్రే ఫోన్ చేసి, ఏఎస్‌వీ కొనొద్దని చెప్పండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఆ అబ్బాయి ప్రేమతోనే చెబుతున్నాడు, అందులో అనుమానం లేదు. కానీ మీ నాన్నగారి గుండె ఉన్న స్థితిలో ఆ మెషిన్ మేలు చేయకపోగా కీడు చేసే అవకాశం ఉందని పెద్ద పరిశోధనలో తేలింది.

నేను డాక్టర్‌ని కాను. ఇరవై ఏళ్లకు పైగా స్లీప్ ల్యాబ్‌లో రాత్రి డ్యూటీలు చేసిన టెక్నీషియన్‌ని. తెర మీద ఈ ఊపిరి అలల్ని కొన్ని వేల గంటలు చూశాను. మెషిన్ రాయాల్సింది మీ డాక్టర్‌గారే. ఆయన ముందు కూర్చున్నప్పుడు మీరు ఏమేం అడగాలో తెలిసేలా చెప్పడం నా పని.

ముందు, మీ నాన్నగారికి జరుగుతున్నది ఏమిటో చూద్దాం. మనకు తెలిసిన గురక జబ్బులో గొంతు మూసుకుపోతుంది. ఆ మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటాడు. ఛాతీకి, పొట్టకి మేం కట్టే బెల్టులు అప్పుడు కూడా గట్టిగా కదులుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. సెంట్రల్ స్లీప్ ఆప్నియా అలా కాదు. గొంతు తెరిచే ఉంటుంది, కానీ ఊపిరి తీసుకోమన్న కబురు మెదడు నుంచి రాదు. రెండు బెల్టులూ కదలడం మానేస్తాయి. తెర మీద గీత చదునుగా సాగిపోతుంది. పది సెకన్లు దాటితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కకడతాం. గుండె బలహీనపడినవాళ్లలో దీనికి ఇంకో ప్రత్యేకమైన పోకడ ఉంటుంది. ఊపిరి మెల్లగా పెద్దదవుతుంది, ఇంకా పెద్దదవుతుంది, తర్వాత తగ్గుతూ తగ్గుతూ వచ్చి పూర్తిగా ఆగుతుంది. మళ్లీ చిన్నగా మొదలవుతుంది. ఒక్కో చుట్టు దాదాపు నిమిషం పడుతుంది. దీన్ని చేన్-స్టోక్స్ శ్వాస అంటారు. డబ్లిన్‌లో పనిచేసిన ఇద్దరు వైద్యులు, ఒకరు 1818లో, ఇంకొకరు 1854లో, దీని గురించి రాశారు. మీ అమ్మగారు మంచం పక్కన కూర్చుని లెక్కపెడుతున్నది బహుశా ఇదే.

ఎందుకిలా అవుతుంది? మీ ఇంట్లో డాబా మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు స్విచ్ ఉంటాయనుకోండి. పైన ఒకరు నిలబడి "నిండింది" అని కేకేస్తే కింద ఇంకొకరు మోటారు ఆపుతారు. ఆ కేక ఆలస్యంగా వినపడితే ట్యాంకు పొంగి పొర్లాకే మోటారు ఆగుతుంది. "ఖాళీ అయింది" అన్న కేక కూడా ఆలస్యంగానే వస్తే, కుళాయిలు ఆగిపోయాకే మళ్లీ మోటారు వేస్తారు. ఎప్పుడూ ఎక్కువో తక్కువో, మధ్యస్థం ఉండదు. మన ఒంట్లో ఆ కేకను మోసుకెళ్లేది రక్తం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూసుకుని మెదడు ఊపిరిని నడిపిస్తుంది. గుండె గట్టిగా పంపు చేయలేకపోతే ఊపిరితిత్తుల దగ్గరి రక్తం మెదడు దాకా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈలోగా మనిషి అవసరానికి మించి ఊపిరి తీసేసుకుంటాడు, కార్బన్ డయాక్సైడ్ బాగా పడిపోతుంది. ఒక హద్దు కంటే కిందికి పడిపోతే, నిద్రలో ఉన్న మెదడు "ఇక ఊపిరి అక్కర్లేదు" అనుకుంటుంది. అదే మీ అమ్మగారు చూస్తున్న ఆ భయంకరమైన నిశ్శబ్దం. కాసేపటికి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పెరుగుతుంది, ఊపిరి దానంతటదే మొదలవుతుంది.

అందుకే మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. తను తట్టి లేపకపోయినా ఆ ఊపిరి తిరిగి వస్తుంది. రాత్రంతా కాపలా కూర్చుంటే ఆవిడ ఆరోగ్యం కూడా పాడవుతుంది. ఒక్క రాత్రి మాత్రం ఫోన్‌తో ఛాతీ, ముఖం కనబడేలా మూడు నాలుగు నిమిషాల వీడియో తీసి పెట్టమనండి. గుండె డాక్టర్‌కి అది చూపిస్తే పది నిమిషాలు మాటల్లో చెప్పేది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇప్పుడు మెషిన్ల సంగతి. సీపాప్ అంటే ఒకే ఒత్తిడితో గాలిని ఆపకుండా పంపే మెషిన్. 1980ల మొదట్లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదటి సీపాప్ తయారు చేశారు. అది గొంతు మూసుకుపోకుండా చూడటానికి పుట్టిన మెషిన్. మరి గొంతు తెరిచే ఉన్న మీ నాన్నగారికి ఎందుకు? ఒకటి, ఆయన రిపోర్టులో 41కి 30 సెంట్రల్ అంటే మిగతా 11 వేరే రకం, అందులో గొంతు పాత్ర ఉండే ఉంటుంది. రెండు, ఛాతీలో ఆ కొద్దిపాటి ఒత్తిడి ఊపిరితిత్తుల్ని కాస్త విచ్చుకునే ఉంచుతుంది, నీరు చేరిన గుండె మీద భారాన్ని కొంత తగ్గిస్తుంది. అలా కొంతమందిలో సెంట్రల్ ఆప్నియా కూడా దిగుతుంది.

దీని మీద కెనడాలో ఒక పెద్ద పరీక్ష జరిగింది. గుండె వైఫల్యం, సెంట్రల్ ఆప్నియా రెండూ ఉన్న 258 మందిని తీసుకున్నారు. 2005లో ఫలితాలు వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే సీపాప్ వల్ల ఆయుష్షు పెరగలేదు. రెండేళ్ల తర్వాత అవే లెక్కల్ని మళ్లీ విడదీసి చూశారు. సీపాప్‌తో మూడు నెలల్లో గంటకు 15 లోపుకి దిగినవాళ్లు మెరుగ్గా బతికారు, దిగనివాళ్లకు అలా జరగలేదు. బాగా స్పందించినవాళ్ల గుండె ముందే కాస్త మెరుగ్గా ఉండి ఉండొచ్చు, కాబట్టి దాన్ని నూటికి నూరు పాళ్లు మెషిన్ ఖాతాలో వేయలేం. అయినా అందులోంచి మనకొక పనికొచ్చే కొలత వచ్చింది. సీపాప్ పెట్టుకుంటే చాలదు, 15 కిందికి దిగిందా లేదా చూసుకోవాలి. మీ నాన్నగారికి మొదటి రాత్రే 41 నుంచి 19కి వచ్చింది. కొంతమందికి వారాలు గడిచేకొద్దీ ఇంకా దిగుతుంది. డాక్టర్‌గారు నెల అన్నది ఇందుకే. తొందరపడి మెషిన్ మార్చకుండా ఆగడం ఇక్కడ సరైన పని.

బైపాప్‌కి పవర్ ఎక్కువ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ మాట విని కొన్నవాళ్లను చాలామందిని చూశాను. బైపాప్ ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. అంటే ప్రతి ఊపిరినీ పెద్దది చేస్తుంది. మీ నాన్నగారి ఇబ్బందే అవసరానికి మించి ఊపిరి తీసుకుని కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకోవడం. దాన్ని ఇంకా పెద్దది చేస్తే ఏమవుతుంది? కార్బన్ డయాక్సైడ్ ఇంకా పడిపోతుంది, ఆగడాలు ఇంకా పెరుగుతాయి. మా ల్యాబ్‌లో ఒకాయనకు బైపాప్ ఒత్తిడి ఒక్కో మెట్టు పెంచినకొద్దీ చదును గీతలు పొడుగవడం నేనే కళ్లారా చూశాను. ఒత్తిడి తగ్గించాక గానీ ఆయన ఊపిరి ఒక దారిలో పడలేదు.

బైపాప్‌లో రెండు రకాలున్నాయి. మనిషి ఊపిరి మొదలుపెడితేనే తోడుగా తోసేది ఒకటి, దాన్ని ఎస్ మోడ్ అంటారు. మనిషి ఊపిరి ఆపేస్తే నిమిషానికి ఇన్ని అని తనే మొదలుపెట్టేది ఇంకోటి, దాన్ని ఎస్‌టీ అంటారు. అమ్మే అతను ఇచ్చిన కొటేషన్ తీసి చూడండి. ఎస్‌టీ అని లేకపోతే ఆ మెషిన్ సెంట్రల్ ఆప్నియాకు పనికిరాదు. అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ బ్యాకప్ (తనే ఊపిరి మొదలుపెట్టే ఏర్పాటు) లేని బైపాప్‌ని సెంట్రల్ ఆప్నియాకు వద్దనే చెప్పారు. ఎస్‌టీ రకం మంచి మెషినే. నరాల, కండరాల జబ్బుల్లోనూ, విపరీతమైన లావు వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లకూ, నొప్పి మందుల వల్ల ఊపిరి మందగించినవాళ్లకూ దానితో మేలు జరుగుతుంది. మీ నాన్నగారికి ఇప్పుడే అక్కర్లేదు.

ఇక ఏఎస్‌వీ. ఇది తెలివైన మెషిన్. మనిషి కొద్ది నిమిషాలుగా సగటున ఎంత ఊపిరి తీసుకుంటున్నాడో కొలుచుకుంటూ ఉంటుంది. ఊపిరి చిన్నదైతే తను ఎక్కువ తోస్తుంది, పెద్దదైతే తగ్గుతుంది, ఆగిపోతే తనే ఇస్తుంది. అది పెట్టిన అరగంటకి తెర మీద ఆ ఎగుడుదిగుడు అలలు ఒకే ఎత్తుకు వచ్చి, సముద్రం ప్రశాంతమైనట్టు కనిపిస్తుంది. అలా సర్దుకోవడం చూసి నేను ఎన్ని రాత్రులు సంతోషపడ్డానో చెప్పలేను. పేషెంట్ పొద్దున లేచి "ఇన్నాళ్లకి నిద్రపోయానమ్మా" అంటే కళ్లు చెమర్చేవి.

అందుకే 2015లో వచ్చిన వార్త మమ్మల్ని కుదిపేసింది. సర్వ్-హెచ్‌ఎఫ్ అనే పరీక్షలో, ఈఎఫ్ 45 శాతమో అంతకన్నా తక్కువో ఉండి, ప్రధానంగా సెంట్రల్ ఆప్నియా ఉన్న 1,325 మందిని చూశారు. సగంమందికి మామూలు గుండె చికిత్స, మిగతా సగానికి దానితోపాటు ఏఎస్‌వీ ఇచ్చారు. ఆప్నియా చక్కగా తగ్గింది. కానీ గుండె, రక్తనాళాల కారణాలతో చనిపోయినవాళ్లు ఏఎస్‌వీ వైపు నూటికి దాదాపు 30 మంది, రెండోవైపు 24 మంది. తెర మీద అందంగా కనిపించిన ఆ అలల వెనక ఇది జరుగుతోందని ఎవరూ అనుకోలేదు. తయారుచేసిన కంపెనీయే ఆ మే నెలలో, ఇలాంటి గుండె ఉన్నవాళ్లకు వాడొద్దని హెచ్చరిక పంపింది. మేం రెండు రోజులు పాత ఫైళ్లన్నీ ముందేసుకుని, ఏఎస్‌వీ ఇచ్చిన ప్రతి మనిషి ఎకో రిపోర్టూ వెతికి, ఈఎఫ్ తక్కువున్నవాళ్లందరికీ ఫోన్లు చేశాం. కొందరు మెషిన్ వదలనన్నారు, అంత బాగా నిద్రపడుతోంది వాళ్లకు. వాళ్లకు నచ్చజెప్పడమే కష్టమైంది.

కీడు ఎందుకు జరిగిందన్నదానికి నిపుణులు రెండు కారణాలు చెబుతారు. ఆ ఎగుడుదిగుడు ఊపిరి బలహీనమైన గుండెకి ఒక రకమైన సర్దుబాటు కావచ్చు, దాన్ని బలవంతంగా సరిచేయడం బెడిసికొట్టి ఉండొచ్చు అన్నది ఒకటి. మెషిన్ ఒత్తిడి వల్ల అసలే నీరసించిన గుండె ఇంకా తక్కువ రక్తం పంపి ఉండొచ్చు అన్నది రెండోది. ఆ తర్వాత అడ్వెంట్-హెచ్‌ఎఫ్ అని ఇంకో పరీక్ష జరిగింది. వేరే కంపెనీ మెషిన్‌తో, 731 మంది మీద. అందులో ప్రాణనష్టం పెరగలేదు. పగటి మగత తగ్గింది, బతుకు కొంచెం సుఖంగా ఉంది. కానీ ఆయుష్షు పెరగలేదు, ఆసుపత్రిలో చేరడాలు తగ్గలేదు. అందుకని 2025 మార్గదర్శకాల్లో ఏఎస్‌వీకి తలుపు పూర్తిగా మూయలేదు. అనుభవమున్న కేంద్రంలో, గుండె డాక్టర్, నిద్ర డాక్టర్ ఇద్దరూ కలిసి, పేషెంట్‌కి మంచీ చెడూ వివరించి తీసుకోవాల్సిన నిర్ణయం అది. బంధువుల సూట్‌కేసులో వచ్చిన మెషిన్‌తో, ఇంట్లో మనకు మనం మొదలుపెట్టేది మాత్రం కాదు.

మరి తమ్ముడి కొలీగ్‌కి ఎలా తగ్గింది? ఆయన గుండె బాగానే ఉండి ఉంటుంది. గురక జబ్బుకి సీపాప్ మొదలుపెట్టాక కొత్తగా సెంట్రల్ ఆప్నియా బయటపడేవాళ్లు కొందరుంటారు. కొద్ది నెలల్లో చాలామందికి అదే పోతుంది, పోనివాళ్లకు ఏఎస్‌వీ చాలా బాగా పనిచేస్తుంది. ఒకే పేరున్న జబ్బు ఇద్దరికి వేర్వేరు కారణాలతో వస్తుంది. ఒకరి మెషిన్ ఇంకొకరికి పెట్టడం ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకున్నట్టే.

ఇప్పుడు మీరు పంపిన మందుల లిస్టు. అందులో ఏడో లైన్లో, నడుం నొప్పికి ట్రమడాల్, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని ఉంది. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన నడుము, నొప్పి ఉంటుంది మరి. కానీ ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు. ఆ జాతి మందులు మెదడులో ఊపిరిని నడిపించే భాగాన్ని మందగింపజేస్తాయి, వాటివల్లే సెంట్రల్ ఆప్నియా వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ నాన్నగారికి ఇదే మూలమని నేను అనను, గుండె కారణం అంత స్పష్టంగా కనబడుతోంది. అయినా నిద్ర డాక్టర్‌గారికి ఈ మాత్ర సంగతి తెలుసో లేదో కనుక్కోండి. నడుం నొప్పికి ఎముకల డాక్టర్ రాసింది గుండె డాక్టర్ చూడరు, గుండె డాక్టర్ రాసింది నిద్ర డాక్టర్ చూడరు, మన దగ్గర ఇది తరచూ జరిగేదే. కానీ మీ అంతట మీరు ఆపేయొద్దు. కొన్నాళ్లుగా వాడుతుంటే మెల్లగా తగ్గించాలి. దాని బదులు మెడికల్ షాపులో డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో కొనుక్కోవడం అంతకంటే ప్రమాదం. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో అవి ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి.

గుండె డాక్టర్ దగ్గరికి ఈ నెలలోనే వెళ్లండి, ఇది మెషిన్ కంటే ముందు పని. గుండె కుదుటపడితే సెంట్రల్ ఆప్నియా తనంతట తను తగ్గుతుంది, చాలామందిలో చూశాం. ఇప్పుడు గుండె వైఫల్యానికి నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు. మీ లిస్టులో మూడు రకాలే కనిపించాయి. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మందు లేదు. అది ఎందుకు ఇవ్వలేదో, మిగతావాటి డోసులు ఇంకా పెంచవచ్చో అడగండి. ఇవ్వకపోవడానికి కిడ్నీయో, బీపీయో కారణం ఉండొచ్చు, అయినా అడగడం మీ హక్కు. కొందరికి ఈసీజీని బట్టి ప్రత్యేకమైన పేస్‌మేకర్ పెడతారు, దానితో కూడా ఊపిరి మెరుగుపడుతుంది. మందులు సరిచేసిన మూడు నెలలకి ఎకో మళ్లీ తీయించండి. ఈఎఫ్ మారితే మెషిన్ లెక్క కూడా మారుతుంది.

ఉప్పు గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు, పడుకోగానే పైకి పాకి ఊపిరితిత్తుల్లోకి, మెడ దగ్గరికి చేరుతుంది. ఊపిరి ఇంకా అస్తవ్యస్తమవుతుంది. భీమవరంలో ఆవకాయ, ఎండుచేప, ఎండురొయ్య లేకుండా అన్నం తినమంటే ఎంత కష్టమో నాకు తెలుసు, మా పుట్టిల్లూ అటే. అయినా రాత్రి భోజనంలో అవి మానిపించండి. తల వైపు మంచాన్ని కాస్త ఎత్తులో ఉంచి, పక్కకి తిరిగి పడుకునేలా చూడండి. వెల్లకిలా పడుకుంటే ఈ ఆగడాలు ఎక్కువ. రోజూ పొద్దున బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నా, అది మెషిన్ సమస్య కాదు, వెంటనే గుండె డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

సీపాప్‌ని కొనకుండా ముందు ఒక నెల అద్దెకు తీసుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో అద్దెకిచ్చేవాళ్లున్నారు. ఒత్తిడి ఎంతో డాక్టర్‌గారు రాసిన అంకెనే పెట్టించండి. ఆటో మోడ్‌లో పెట్టి, అదే చూసుకుంటుందిలెండి అంటే ఒప్పుకోవద్దు. ఆటో మెషిన్లు గొంతు మూసుకుపోయేవాళ్ల కోసం, సెంట్రల్ ఆప్నియాకీ గుండె వైఫల్యానికీ తగినవి కావు. మాస్క్ దగ్గర మాత్రం తొందరపడకండి. చాలామంది మెషిన్ మానేసేది మెషిన్ వల్ల కాదు, మాస్క్ వల్ల. మీ నాన్నగారికి గుబురు మీసం ఉంటే మాస్క్ అంచు సరిగ్గా ఆనదు, గాలి సర్రుమని బయటికి పోతుంది. రెండు మూడు రకాలు పెట్టి, పడుకోబెట్టి, అటూ ఇటూ తిరగమని చూడండి. పట్టీ బిగిస్తే సరిపోతుందనుకుంటారు, ఎక్కువ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది తప్ప లీకు ఆగదు. మొదటి మూడు రోజులు సాయంత్రం టీవీ చూసేటప్పుడు అరగంట పెట్టించండి, అప్పుడు రాత్రి టెన్షన్ తగ్గుతుంది. మెషిన్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టించండి. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్‌లో బోరు నీళ్లు పోయొద్దు, డిస్టిల్డ్ వాటర్ పోయండి.

ఎవరైనా వాడిన మెషిన్ చవగ్గా ఇస్తామంటే కంపెనీ, మోడల్ చూసుకోండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి నురగ పదార్థం చిట్లుతోందని చాలా మోడళ్లను వెనక్కి పిలిచింది. అలాంటివి ఇంకా చేతులు మారుతూ ఉండొచ్చు.

నెల అయ్యాక మెషిన్ రిపోర్టు తీయించండి. రోజుకి ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, గంటకు ఎన్ని ఆగడాలు మిగిలాయి, అందులో సెంట్రల్ ఎన్ని అన్నది అందులో ఉంటుంది. మెషిన్ లెక్క కొంచెం అటూ ఇటూ అయినా దారి చూపిస్తుంది. 15 లోపుకి వచ్చి, పగటి మగత తగ్గితే అదే మెషిన్ కొనుక్కోండి. రాకపోతే సీపాప్‌నే పట్టుకుని వేలాడొద్దు. రాత్రిపూట కొద్దిగా ఆక్సిజన్, కొండలెక్కేవాళ్లు వాడే అసిటజోలమైడ్ మాత్ర, డయాఫ్రమ్ (ఊపిరి తీసుకునే కండరం) నరాన్ని కదిలించేలా ఛాతీలో అమర్చే చిన్న పరికరం, ఇలా ఇంకా దారులున్నాయి. ఏఎస్‌వీ మాట కూడా అప్పుడు, ఇద్దరు డాక్టర్ల ముందు, కొత్త ఎకో చేతిలో పెట్టుకుని మాట్లాడొచ్చు.

తమ్ముడు డబ్బు పంపాలనుకుంటే పంపమనండి. నెల అద్దెకి, మంచి మాస్క్‌కి, ఇంకో రాత్రి ల్యాబ్‌లో పరీక్షకి, మూడు నెలల తర్వాత ఎకోకి అవి అక్కరకొస్తాయి. మీ నాన్నగారు స్కూటర్ నడుపుతున్నారో లేదో మీరు రాయలేదు. పేపరు చదువుతూ నిద్రపోయే మనిషి బండి మీద కూడా కునుకు తీస్తారు. బండి మీద ముప్ఫై ఏళ్ల అలవాటున్న ఆయనకు తాళం ఇవ్వననడం మీ అమ్మగారికి కష్టం, ఆ మాట మీరే చెప్పండి. ట్రమడాల్ సంగతి రేపు పొద్దున్నే డాక్టర్‌గారికి ఫోన్ చేసి చెప్పండి. నెల రిపోర్టు వచ్చాక అందులోని అంకెలు నాకు రాసి పంపండి, కలిసి చూద్దాం.